పన్నెండో ఊపిరి

ఊపిరంతా వదిలేసి, మళ్లీ తీసుకోకుండా, నలభై ఎనిమిది సెకన్లు శవంలా పడి ఉండడం మేడ్చల్ రోడ్డు మీది ఆ స్కానింగ్ సెంటర్‌లో ఎవరి వల్లా కాలేదు. నర్సులు పడుకుని చూశారు. జిమ్ముకు పోయి కండలు పెంచిన మార్కెటింగ్ మేనేజరు ఇరవై రెండు దగ్గర దగ్గాడు. వాళ్ల కోట్ల యంత్రానికి కావలసిన మనిషి చివరికి శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్లలో దొరికాడు.

బుధవారం పొద్దున ముత్తయ్య పదకొండోసారి ఆ బల్ల ఎక్కాడు. లోహం ఏదీ ఆ యంత్రంలోకి పనికిరాదు కాబట్టి, వెండి పూస ఉన్న మొలతాడు ఇంట్లోనే విప్పి, ఉత్త నల్లదారం కట్టుకుని వచ్చాడు. మొలతాడు తీసేది శవానికేనని మొదటిసారి భార్య యాదవ్వ పెద్ద గొడవ పెట్టుకుంది. అప్పటినుంచి స్కానింగ్ ఉన్న రోజు ఆమే లేచి, దాచిన నల్లదారం తీసి అతని నడుముకు కడుతుంది.

యంత్రం నడిపే యమున అతని కడుపు మీద తాబేలు చిప్పలాంటి పలక పెట్టి పట్టీలు బిగించింది. చెవులకు డిప్పలు తగిలించి, చేతిలో రబ్బరు బుడ్డి పెట్టింది.

“కష్టమనిపిస్తే పిసుకు కాకా.”

“పదిసార్లు పండుకున్న. ఒక్కసారన్న పిసికిన్నా బిడ్డా?”

ఎప్పుడూ ఈ మాటకు నవ్వే పిల్ల ఈ రోజు నవ్వలేదు. సరిగ్గానే ఉన్న పట్టీని విప్పి మళ్లీ కట్టింది.

బల్ల గొట్టంలోకి జారింది. చెవుల్లో దీక్షిత్ గొంతు పలికింది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. “కాకా, ఊపిరి తీసుకో. వదిలెయ్. మొత్తం వదిలెయ్. ఇక పట్టుకో.”

యంత్రం రేకుల షెడ్డు మీద రాళ్లవాన పడ్డట్టు మోత మొదలుపెట్టింది. ముత్తయ్య కళ్లు మూశాడు. చెరువు అడుగున తుమ్మమొద్దుకు చిక్కిన వలను విడిపించేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. అంకెలు లెక్కపెట్టడు. అంకెలకు తొందరెక్కువ, అవి మనిషిని పైకి తరుముతాయి. అతను చేపల పేర్లు అనుకుంటాడు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ, కొర్రమట్ట, జెల్ల, వాలుగ, పరక. పరక దాకా పోయి మళ్లీ బొచ్చెకు వస్తాడు. ఏడు వరసలు అయ్యేసరికి మోత ఆగింది.

“అయిపోయింది కాకా. నిన్ను మించినోడు లేడు.”

తర్వాత తొమ్మిది సెకన్ల స్కాను. అదొక పనా? రెండో వరసలో రవ్వ దగ్గరే ఆగిపోయింది.

బట్టలు మార్చుకుని అద్దాల గదిలోకి పోయాడు. దీక్షిత్ లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఎప్పుడూ ఇస్తాడు. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. ఎడమది నలభై ఎనిమిది సెకన్లది, కుడిది తొమ్మిది సెకన్లది. రెండూ ముత్తయ్య కార్జమే, డాక్టర్లు కాలేయం అనేది.

ఈ పని ఏమిటో దీక్షిత్ మొదట్లోనే చెప్పాడు. పాత పద్ధతిలో యంత్రం ఒంట్లోంచి సంకేతాలన్నీ వరస తప్పకుండా ఏరుకోవాలి. కొత్త పద్ధతిలో అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకుంటే చాలు, మిగతాది కంప్యూటరు లెక్కగట్టి నింపుతుంది. ముత్తయ్య దాన్ని తన లెక్కలో అర్థం చేసుకున్నాడు. చెరువంతా పెద్దవల లాగే బదులు, దిక్కుకొక విసురువల వేసి, చేపల గుంపులు ఎక్కడున్నాయో చెప్పడం. చెరువులో ఎక్కువ భాగం ఉత్త నీళ్లే కాబట్టి అది కుదురుతుంది. ఆ మాటంటే దీక్షిత్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. “ఇంత బాగా మా ప్రొఫెసర్ కూడా చెప్పలేదు కాకా.” అప్పుడు ముత్తయ్య ఇంకో మాట అడిగాడు. “మరి గుంపుల ఉండకుండ ఒక్కటే చేప ఉంటది. అది మీ విసురుకు దొరుకుతదా?” దీక్షిత్ కాసేపు అతని ముఖం చూసి అన్నాడు. “అదే చూడాలి కాకా. మన పనంతా అదే.”

పని మాత్రం మంచి పనే. యాదవ్వకు ఉబ్బసం. మొదట ఆమెకు స్కాను తీయించడానికే ముత్తయ్య ఇక్కడికి వచ్చాడు. ఇరవై సెకన్లు ఊపిరి పట్టలేక నాలుగుసార్లు లోపలికి పోయి నాలుగుసార్లూ ఏడ్చుకుంటూ బయటికొచ్చింది. ఆమె బదులు నేను పడతానని వరండాలో అతను పరాచికమాడితే దీక్షిత్ విన్నాడు. పోయిన నెల అదే యాదవ్వకు తొమ్మిది సెకన్లలో తీసి పంపించారు. ఆ రోజు దీక్షిత్ శామీర్‌పేటకు వచ్చి, వాళ్ల రేకుల ఇంట్లో కింద కూర్చుని, కొర్రమట్ట పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

“శనివారం పెద్ద డాక్టర్లు వస్తున్నారు కాకా. వాళ్ల ముందు నువ్వు ఒక్కసారి చేస్తే మనం గెలిచినట్టే. చిన్నమ్మకు చెప్పు, ఆ తర్వాత పులుసుకు వస్తా.”

“నువ్వు ఒస్తనంటె ఆమె నాకు ముక్క కూడ ఎయ్యదు.” ముత్తయ్య నవ్వుతూనే తెర వైపు వంగాడు. రెండు బొమ్మల్లోనూ ఒకే చోట ఎర్రటి గుండ్రం గీసి ఉంది. ఇంతకుముందు తనకు చూపించిన బొమ్మల్లో అది లేదు. “గీ గుండ్రం ఏంది సారూ?”

“అదా. గుర్తు. రెండు బొమ్మలూ పోల్చుకోవడానికి.”

దీక్షిత్ మీట నొక్కాడు. గుండ్రాలు మాయమయ్యాయి. యమున లేచి, నీళ్ల సీసా నిండుగా ఉన్నా, నీళ్లకని బయటికి పోయింది.

*

గురువారం చెరువులో వల చిక్కింది. వానలకు నీళ్లు పైకొచ్చి, ఎండాకాలం కనబడిన మొద్దులన్నీ మునిగిపోయాయి. తోటి జాలరి పరమేష్ థర్మాకోల్ తెప్ప మీద నిలబడి తాడు లాగి చూశాడు. తాడు కదల్లేదు. తెల్ల బెండుకు రాయి కట్టి అక్కడ వేశాడు.

“ముత్తన్నా, గీడనే. దుంకు.”

ముత్తయ్య అంగీ విప్పి తెప్ప అంచున కూర్చున్నాడు. నీళ్ల మీద ఊగుతున్న బెండును చూస్తూ ఉండిపోయాడు.

“ఏందే, ముహూర్తం జూస్తున్నవా?”

“పరమేషూ. ఉత్త నీళ్ల మీద బెండు ఏస్తవారా?”

“నీకు ఎండదెబ్బ తాకినట్టున్నది. కింద ఏదన్న ఉంటెనే గద ఏస్త.”

ముత్తయ్య దూకాడు. మొద్దును చేత్తో తడుముకుంటూ కొమ్మకొమ్మా విడిపించాడు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ. నాలుగో వరసలో కుడి డొక్క కింద ముల్లు గుచ్చినట్టయింది. ఇది కొత్తది కాదు. వయసని ఊరుకున్నాడు. ఐదో వరస పూర్తికాకుండానే పైకొచ్చి తెప్ప పట్టుకుని రొప్పాడు. పరమేష్ ఏదో ఎగతాళి చేయబోయి, అతని ముఖం చూసి, చెయ్యిచ్చి పైకి లాగాడు.

సాయంత్రం యాదవ్వ అన్నం పెట్టింది. సగం తిని చెయ్యి కడుక్కోబోతే ఆపింది.

“ఎప్పటిసంది జూస్తున్న. సగం కుక్కలకే పోతాంది. నా చేతి కూర చేదైందా?”

“ఆకలైతలేదే.”

“ఆకలైతలేదా.” లేచి గూట్లోంచి నల్లదారం తెచ్చి అతని ముందు పడేసింది. “సంక్రాంతి అయినంక మొదలు కట్టిన దారం ఇది. అప్పుడు కొస ఇంత మిగిలేది.” చూపుడువేలు గోరు చూపించింది. “నిన్న కడితె ఎంత మిగిలిందో ఎరుకనా? బెత్తెడు. కత్తిరిద్దామనుకున్న. మనసొప్పలె.”

ముత్తయ్య దారాన్ని వేలికి చుట్టాడు, విప్పాడు. ఎనిమిది నెలల్లో పదకొండుసార్లు కట్టిన ముడులు దాని మీద మెలికలుగా నిలిచి ఉన్నాయి. ఒక్కొక్కటి లోపలికి జరుగుతూ వచ్చింది. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే లెక్క అది.

*

శుక్రవారం వలకు పోలేదు. శామీర్‌పేటలో బస్సెక్కి, తూంకుంటలో దిగి, షేర్ ఆటోలు మారుతూ మేడ్చల్ చేరేసరికి పదకొండు దాటింది. సెంటర్ లోపలికి పోకుండా ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. ఒంటిగంటకు యమున టిఫిన్ డబ్బాతో బయటికొచ్చి, అతన్ని చూసి, తిరిగి లోపలికి పోబోయి ఆగింది.

“రేపు గద కాకా.”

“రేపే. ఇయ్యాల నీ కోసం ఒచ్చిన. కూసో.”

ఆమె కూర్చోలేదు. డబ్బా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“గా గుండ్రంల ఏమున్నది?”

“దీక్షిత్ సార్ చెప్పలేదా?”

“గుర్తన్నడు. కింద ఏం లేకుండ గుర్తు ఎవడు పెడతడమ్మా? నీ కంటె సదువుకున్నోళ్లు నాకు ఎరుకలేదు. నువ్వే చెప్పు.”

రోడ్డు మీద కంకర లారీ పోయింది. దుమ్ము తగ్గాక యమున బల్ల మీద, అతనికి దూరంగా, కూర్చుంది.

“మచ్చ కాకా. కార్జంల. మొదటిసారి పండుకున్నప్పుడే కనబడ్డది. కందిగింజంత.”

“ఇప్పుడు?”

“రేగ్గాయంత. పక్కపొంటి ఇంకో రెండు ఒచ్చినయి.”

ముత్తయ్య చేతిలోని టీ గ్లాసును కింద పెట్టాడు. సగం ఉంది. సగం ఎందుకు మిగిలిందో ఇప్పుడు తెలిసింది.

“ఎవరికి ఎరుక?”

“అందరికి. నేను గోపాలరావు సార్‌కు చెప్పిన.” గోపాలరావు సెంటర్ యజమాని, డాక్టరు. “రిపోర్టు ఎవడడిగిండు అన్నడు. ఆయన పేషెంటు కాదు, వాలంటీరు, కాగితం మీద ఏలిముద్ర పెట్టిండు, మనం చదవాల్సిన పని లేదన్నడు. మచ్చలు మస్తుమందికి ఉంటయి, అన్ని ఖరాబువే కావు అన్నడు. గిదొకటి మాట్లాడితె నీ జాగల ఇంకొకరు ఒస్తరన్నడు.”

“దీక్షితు?”

యమున డబ్బా మూతను తెరిచి మూసింది.

“చెప్పు బిడ్డా.”

“తొందరగ తీసిన బొమ్మల చిన్న మచ్చ మాయమైతదేమోనని అందరికి అనుమానం కాకా. మాయం కాదని చూపియ్యాలె. దానికి మచ్చ ఉన్న మనిషి కావాలె. రోగం ఉన్నోళ్లు నలభై ఎనిమిది సెకన్లు ఊపిరి పట్టలేరు. నువ్వు పడతవు. మచ్చ కూడ ఉన్నది. రెండు ఒక్క మనిషిల దొరుకుడు...” ఆగింది. “ఇంత మంచి మచ్చ ఇంకెక్కడ దొరుకుతది అన్నడు. నా ముంగటనే అన్నడు.”

“అంటె నా దమ్ము కోసం పిలవలె.”

“మొదటిసారి దమ్ము కోసమే.”

“రెండోసారి సంది?”

ముత్తయ్య రోడ్డవతల అద్దాల బిల్డింగును చూశాడు. దాని గోడకు కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. తెల్ల కోట్ల నవ్వులు. ఎనిమిది నెలలుగా ఈ గేటులోంచి ఛాతీ విరుచుకుని పోయాడు. ఊళ్లో చెప్పుకున్నాడు. నా దమ్ము చూసి ఇంజినీర్లు కుర్చీ ఇస్తరని చెప్పుకున్నాడు. కుర్చీ ఇచ్చింది మచ్చకు. పులుసు తిన్న నోరు అది. ఆ రోజు రెండోసారి వడ్డించుకుంటూ, నీకు ఆకలి లేదా కాకా, సగమే తిన్నావు అని అడిగిన నోరు అది. అడిగి, ఊరుకుంది.

“నువ్వు కూడ ఎనిమిది నెలలు ఊకున్నవు,” అన్నాడు.

“ఊకున్న.” యమున కళ్లు తుడుచుకోలేదు. “నాగారంల కిరాయింట్ల నేను, మా అమ్మ. సాకు చెప్తలేను కాకా. ఊకున్న, అంతే.”

“రేపు ఎన్ని గంటలకు?”

“పదికి. నువ్వు రాకు. ఏదన్న పెద్ద దవాఖానకు పో.”

“ఏం జూపియ్యాలె ఆడ? నా బొమ్మలన్ని మీ తాననే ఉన్నయి గద.”

*

శనివారం యాదవ్వ నల్లదారం కట్టింది. ముడి వేసి, మిగిలిన కొసను లోపలికి దోపబోతే ముత్తయ్య ఆపాడు. “ఉండనియ్. గట్లనే ఏలాడనియ్.” ఇంతకన్నా ఆమెకు ఏమీ చెప్పలేదు.

అద్దాల గదిని ఆనుకుని ఉన్న పెద్ద గదిలో సోఫాలు వేశారు, గోడకు మంచమంత టీవీ పెట్టారు. పట్నం నుంచి వచ్చిన డాక్టర్లు ఎనిమిదిమంది. ముత్తయ్యను వాళ్ల ముందు నుంచే యంత్రం గదిలోకి తీసుకుపోయారు. ఎవరూ అతని పేరు అడగలేదు. యమున పలక పెట్టింది, పట్టీలు కట్టింది. ఈసారి బుడ్డి చేతిలో పెట్టి వేళ్లు మూసి ఒక్క క్షణం పట్టుకుంది.

గొట్టంలో ఉన్నా, అవతలి మైకు తెరిచే ఉండడంతో చెవి డిప్పల్లో మాటలు పడుతున్నాయి. గోపాలరావు ఇంగ్లీషు ఉపన్యాసం వినబడుతోంది. అందులో ముత్తయ్యకు తెలిసిన మాట ఒకటి దొర్లింది. హెల్తీ. హెల్తీ వాలంటీర్. టీవీలో పాలపొడి డబ్బా చూపించేటప్పుడు అనే మాట.

“కాకా, రెడీనా?” దీక్షిత్ గొంతు. “ఊపిరి తీసుకో. వదిలెయ్. మొత్తం. ఇక పట్టుకో.”

రాళ్లవాన మొదలైంది. ముత్తయ్య ఊపిరి పీల్చాడు. తెప్ప మీదికి లేచిన మనిషి పీల్చినట్టు పొట్ట నిండా పీల్చాడు, వదిలాడు, మళ్లీ పీల్చాడు. పొట్ట మీద తాబేలు చిప్ప లేస్తూ పడుతూ ఉంది.

మోత మధ్యలోనే ఆగింది. “కాకా, కదిలావు. మళ్లీ చేద్దాం. ఊపిరి పట్టుకో.”

“పడత,” అన్నాడు ముత్తయ్య. “గుండ్రంల ఏమున్నదో చెప్పు, పడత.”

చెవుల్లో చప్పుడు తెగింది. మళ్లీ వచ్చినప్పుడు దీక్షిత్ గొంతు మైకుకు బాగా దగ్గరగా, గుసగుసగా ఉంది. “తర్వాత మాట్లాడుకుందాం కాకా. ప్లీజ్. వాళ్లు చూస్తున్నారు.”

“సూడనియ్యి.”

ఆ తర్వాత, మైకు మూయడం మరిచినట్టున్నారు, గోపాలరావు గొంతు తెలుగులో స్పష్టంగా వినబడింది. “వదిలెయ్యవయ్యా వాణ్ని. బుధవారంది ఉందిగా, అది పెట్టు.”

అంతే. ఊపిరి పట్టకపోతే వాళ్ల ఆట ఆగుతుందనుకున్నాడు ముత్తయ్య. తనకున్న ఒక్క ఆయుధం అదే అనుకున్నాడు. అది బుధవారమే వాళ్లకు ఇచ్చేసి పోయాడు. అంతకుముందు పదిసార్లు కూడా ఇచ్చాడు. ఇప్పుడు అతను పీల్చినా వదిలినా చచ్చినా బొమ్మ వాళ్ల దగ్గర భద్రంగా ఉంది.

మొదటిసారి బుడ్డి పిసికాడు.

యమున పరుగున వచ్చింది. బల్ల లాగింది, పట్టీలు ఊడదీసింది. బట్టలు మార్చుకునే గది ఎడమ వైపు ఉంది. ఆమె అటు పోలేదు. కుడి వైపు పోయి, డాక్టర్లున్న గది తలుపు బార్లా తెరిచి, పక్కకు తప్పుకుని నిలబడింది.

వెనక తాళ్లున్న నీలం గౌనుతో, వట్టి కాళ్లతో ముత్తయ్య లోపలికి పోయాడు. టీవీలో అతని కార్జం రెండుగా ఉంది, రెండింటికీ ఎర్ర గుండ్రాలున్నాయి. దీక్షిత్ చేతిలో రిమోటుతో నిలబడిపోయాడు.

“ముత్తయ్యా,” గోపాలరావు నవ్వు ముఖం మార్చకుండానే అన్నాడు, “బయట కూర్చో. టీ పంపిస్తా.”

“టీ వద్దు సారూ.” ముత్తయ్య సోఫాల వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. “గా బొమ్మ నాది. కార్జం నాది. గుండ్రంల ఏమున్నదో మీల ఎవరన్న చెప్పున్రి. ఇంటిదానికి చెప్పాలె.”

ఒకాయన ఫోను చూసుకున్నాడు. ఇంకొకాయన గోపాలరావును చూశాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ, తల నెరిసిన డాక్టరు సుశీల, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి లేచింది. టీవీకి జానెడు దూరంలో నిలబడి గుండ్రం లోపల చూసింది. ఆ తర్వాత బొమ్మ మూలనున్న చిన్న అక్షరాలు చదివింది.

“ఇది ఈ బుధవారంది. మొదట తీసింది ఉందా?”

“మేడమ్, అది ఈ డెమోలో...” అన్నాడు దీక్షిత్.

“ఉందా అని అడిగాను.”

దీక్షిత్ నొక్కాడు. ఫిబ్రవరి బొమ్మ వచ్చింది. కందిగింజ. సుశీల దాన్నీ చూసింది, బుధవారందాన్నీ చూసింది. ఆవిడ ముత్తయ్య దగ్గరికి వచ్చి, బొటనవేలితో అతని కంటి రెప్పను కిందికి లాగి చూసింది.

“అన్నం తినబుద్ధి అవుతోందా?”

ఎనిమిది నెలల్లో ఆ బిల్డింగులో ఆ జవాబు కోసం ఆగిన మొదటి మనిషి.

“లేదమ్మా.”

“చిక్కారా?”

ముత్తయ్య గౌను పక్కకు జరిపి నల్లదారం చూపించాడు. వేలాడుతున్న బెత్తెడు కొసను ఆవిడ వేళ్ల మధ్య పట్టుకుని, పైనున్న ముడుల మెలికలు ఒక్కొక్కటే చూసింది. ఏమిటని అడగలేదు.

“ఆ సోఫాలో పడుకోండి.”

ఇద్దరు డాక్టర్లు లేచి చోటిచ్చారు. ముత్తయ్య పడుకున్నాడు. ఆవిడ పక్కన ఒంగి, కుడి డొక్క కింద చెయ్యి ఆనించింది. చెయ్యి వెచ్చగా ఉంది.

“ఊపిరి తీసుకోండి. బాగా లోపలికి.”

తీసుకున్నాడు. ఆ తర్వాత రావలసిన మాట కోసం ఆగాడు. పట్టుకో అనే మాట కోసం. అలవాటుగా బొచ్చె అనుకున్నాడు, రవ్వ అనుకున్నాడు.

“పట్టుకోకండి. వదిలెయ్యండి. మళ్లీ తీసుకోండి.”

రెండో ఊపిరికి ఆవిడ వేళ్లు ఒకచోట ఆగాయి. అక్కడి నుంచి జరిగి, తిరిగి అక్కడికే వచ్చాయి. చెయ్యి తీయకుండానే తల వెనక్కి తిప్పి దీక్షిత్‌ను అడిగింది.

“ఎన్నాళ్లుగా తెలుసు మీకు?”

తొమ్మిది సెకన్లకూ నలభై ఎనిమిది సెకన్లకూ మధ్య తేడాను నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే మనిషి, రిమోటు మీద ఉన్న మీటలను చూస్తూ నిలబడ్డాడు.

“ఎనిమిది నెలలు,” అన్నాడు ముత్తయ్య, సోఫాలోంచి. “పదకొండు సార్లు.”